ఏ ఊరు? ఎవరి బిడ్డవు?

మా జనగామ దిక్కు కొత్త మనిషి వచ్చి అరుగు మీద కూర్చుంటే, మంచినీళ్ల చెంబు చేతికొచ్చేలోపే రెండు ప్రశ్నలు పడతాయి. ఏ ఊరు బిడ్డా? ఎవలింటి పిల్లగానివి? ఆ రెండింటికీ జవాబు దొరికితే మేనమామల దాకా కూపీ లాగి, ఇతను ఎట్లాంటివాడో ఒక లెక్కకు వచ్చేస్తారు. పాపం, డాక్టరుకు ఆ సౌకర్యం లేదు. "తల తిరుగుతంది సారూ" అంటాం. "ఎప్పటి నుంచి?" అంటాడు. "మొన్నటిసంది" అంటాం. మన మొన్న మూడు రోజులూ కావచ్చు, మూడు నెలలూ కావచ్చు. అందుకే ఆయన చీటీ మీద ఏదో గీకి, ఒక చిన్న డబ్బీ ఇప్పిస్తాడు.

మా పెద్దబాపుకు ఆ డబ్బీ అంటే అవమానం. "నేనొచ్చింది మోకాలు నొప్పికి. నా ఒంటేలుతోని ఆయనకేం పని?" అని దవాఖాన మెట్ల మీదే నిలదీశాడు, నన్ను. పొద్దున లేవగానే పోసేది పట్టి తెమ్మన్నారు. రాత్రికి రాత్రే ఆ డబ్బీ ఎటో పోయింది. ఆయన ఊరుకుంటాడా? ఇంట్లో ఖాళీగా పడి ఉన్న దగ్గు మందు సీసా కడిగి అందులో పట్టి, సంచీలో దాచి తెచ్చి ఇచ్చాడు. రిపోర్టులో షుగరు నాలుగు ప్లస్సులు! ఇంట్లో చాయలో చక్కెర బంద్, అన్నం బంద్, జొన్న రొట్టె మొదలు. పెద్దమ్మ కండ్లు తుడుచుకుంది. మూడో రోజు డాక్టరు రక్త పరీక్ష చూశాడు, అది సాఫుగా ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "పెద్దాయనా, దేంట్ల పట్టి తెచ్చినవ్?" అన్నాడు. షుగరు పెద్దబాపుది కాదు, దగ్గు మందుది.

"మళ్లా పట్టి తే" అని ఇంకో డబ్బీ ఇచ్చారు.

ఆ రిపోర్టు కోసం కూర్చున్న బెంచీ మీద నాకు తోచిన సంగతులివి. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రం బయటికి వదులుతాయి, తక్కినదంతా ఒంటికే తిరిగిస్తాయి. చక్కెరను కూడా అట్లాగే పట్టి ఉంచుతాయి. రక్తంలో అది డెసిలీటరుకు 180 మిల్లీగ్రాముల చుట్టుపక్కలకు పెరిగితే ఇక మోయలేక జార్చేస్తాయి. ప్రొటీనును మామూలుగా గడప దాటనియ్యవు. అది కనబడిందంటే జల్లెడ ఎక్కడో చిరిగినట్టే. ఇంత చాకిరీ చేస్తూ కూడా చాలా వరకు పాడయ్యేదాకా నొప్పి అని మూలగవు. కడుపు అరుస్తుంది, పన్ను అరుస్తుంది, వీటిది మౌనవ్రతం. కొత్త పేషెంటు దేనికొచ్చినా ముందు వీటిని పలకరించడం అందుకే.

ఇది ఇంగ్లిషు వైద్యం తెచ్చిన వింతేం కాదు. పోసిన చోట చీమలు ముసిరితే మధుమేహమని ఆయుర్వేదం ఏనాడో పట్టుకుంది. 'యోగరత్నాకరం' చెప్పిన ఎనిమిది పరీక్షల్లో నాడి తర్వాత పేరు మూత్రానిదే. అందులో నూనె చుక్క వేసి అది పరుచుకునే తీరు చూసేవారు. 1827 నాటికి లండన్‌లో రిచర్డ్ బ్రైట్ చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మీద కాచి, గుడ్డు తెల్లసొనలా గడ్డకడితే మూత్రపిండాల జబ్బని తేల్చాడు. మనవాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతి కనిపెట్టాడు. ప్రపంచం దాన్ని ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తుంది.

మా ఊరి ఆర్‌ఎంపీకి ఈ డబ్బీ గొడవ లేదు. మూడు తరాలు ఆయనకు కంఠతా వచ్చు. (అందరికీ ఒకటే గ్లూకోజు ఎక్కించేవాడు, అది వేరే కథ.) ఇప్పుడట్లా కాదు. పాత వరంగల్ జిల్లా 2016లో కొత్త జిల్లాలుగా ముక్కలైంది. మహబూబాబాద్‌కు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఎక్కడి నుంచో చదువుకోవడానికొచ్చిన పిల్ల డాక్టరు ముందు మనమంతా కొత్త పేషెంట్లమే.

మానుకోట (మహబూబాబాద్) దిక్కు మిర్చి ఏరే ఆడవాళ్లను చూడండి. చేనులో మరుగు ఉండదు, అందుకని పొద్దంతా నీళ్లు తాగరు, వచ్చినా బిగబట్టుకుంటారు. దవాఖానలో మాత్రం "నడుం నొప్పి" అంటారు. మంట సంగతి మొగ డాక్టరుకు చెప్పడానికి నోరు రాదు. మూత్రంలోని చీముకణాలు వాళ్ల తరఫున చెప్తాయి. తండాల్లో కడుపుతో ఉన్న పిల్లకు ఏఎన్‌ఎం ప్రతిసారీ బీపీతో పాటు ప్రొటీను చూసేది, కాన్పు ముందు ఫిట్స్ తెచ్చే గుర్రపువాతాన్ని ముందే పసిగట్టడానికి. భూపాలపల్లిలో కేటీకే బొగ్గు గనుల్లోకి దిగే కార్మికుడికి ఈ డబ్బీ ఉద్యోగంలో చేరేనాడే పరిచయం. ఆ తర్వాతా నిర్ణీత కాలానికోసారి పరీక్ష తప్పదు. భూగర్భంలో ఉక్కపోతకు చెమటోడ్చి, నీళ్లు తాగక పైకొచ్చిన మనిషి మూత్రం చిక్కటి పసుపు. ఇట్లాగే సాగితే రాళ్లకు దారి.

"పెద్దాయనా, లోపలికి రా."

ఈసారి షుగరు లేదు. ప్రొటీను రెండు ప్లస్సులు. డాక్టరు కాగితం పక్కన పెట్టి, మెల్లగా అడిగాడు.

"నొప్పి గోలీలు ఎన్నేండ్లసంది మింగుతున్నవ్?"

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. మోకాలు లాగినప్పుడల్లా మెడికల్ షాపులో అడిగి, రోజుకు రెండు చొప్పున ఏండ్ల తరబడి మింగుతున్న సంగతి పెద్దమ్మకు కూడా తెలియదు. పెద్దబాపు డాక్టరును చూడలేదు, రిపోర్టును చూడలేదు. నా దిక్కు తిరిగి గుర్రుమన్నాడు.

"నువ్వేనారా చెప్పింది?"