మూడు ఊళ్లు, ఒక వీసా

తెల్లవారి ఆరు గంటల బస్సుకు గద్వాలలో బయలుదేరాను. చంకలో ఒక చీర మూట, జేబులో ఒక లెక్కల కాగితం. చీర నాగర్‌కర్నూల్‌లో ఉన్న మా చెల్లెలికి. లెక్క కూడా ఆమెదే.

ఆమె కూతురు సముద్రాలకు అవతల ఉద్యోగం చేస్తున్నది. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. పురిటికి తల్లి దగ్గరుండాలి. ఉండాలని తల్లికీ ఉంది, బిడ్డకూ ఉంది. మధ్యలో వీసా అనే గుమ్మం ఒకటి అడ్డం.

ఆ గుమ్మం దాకా ఒకసారి వెళ్లి వచ్చింది మా చెల్లెలు. ఏ దేశం, ఏ కచేరీ అన్నది ఇక్కడ అనవసరం. కిటికీ అవతలి అధికారి నాలుగు ప్రశ్నలు వేసి, మీరు తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదని కాగితం చేతిలో పెట్టాడు. "నేనెందుకు రానన్నా? నా బర్రెలను ఎవరు చూస్తరు?" అని ఆమె నాతో మొరపెట్టుకుంది. పల్లీలు అమ్మి కట్టిన రుసుము మాత్రం తిరిగి రాలేదు. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా రుసుము వాళ్లదే.

మళ్లీ దరఖాస్తు పెట్టమని కూతురు. పెట్టనని తల్లి. ఈ పేచీ తీర్చడానికే నా ప్రయాణం. దారిలో వనపర్తిలో దిగి మా తమ్ముడి కొడుకును కలవాలి. వాడి దగ్గర విమానం టికెట్టు ఉచితంగా దొరికే ఉపాయం ఉందట!

మాది నడిగడ్డ సీమ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. సోమనాద్రి కట్టించిన మట్టికోట, అందులో చెన్నకేశవస్వామి గుడి, వీధి వీధినా మగ్గాల చప్పుడు. గద్వాల చీర సంగతి పాఠకులకు కొత్త కాదు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ పోగు పోగునా కలిపి నేస్తారు. ఎక్కడ కలిసిందో చేతికి తెలియకుండా ఉండడమే నేతగాడి గొప్ప.

మా తాతల కాలంలో తుంగభద్ర దాటి కర్నూలు వెళ్లడమంటే పరదేశం వెళ్లడమే. ఇవతల నిజాం ఏలుబడిలోని సంస్థానం, అవతల ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజధాని. నిజాంగారి సుంకాల శాఖను కరోడ్‌గిరి అనేవారు. నాకా దగ్గర మూట విప్పి చూపించాలి. అయితే ఆ సుంకం సరుకు మీద. ఇప్పుడు మనిషే సరుకయ్యాడు కాబోలు, గుమ్మం దగ్గర రుసుము మనిషి మీదనే!

బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ దాటింది. ఒడ్డున ఆంజనేయస్వామికి అందరితోపాటు నేనూ చేతులు జోడించాను. పక్కనున్న పెద్దమనిషి కాస్త గట్టిగానే మొక్కాడు. అడిగితే, కొడుకు దుబాయి పోవడానికి ఏజెంటుకు డబ్బు కట్టాడని చెప్పాడు. ప్రభుత్వం రిజిస్టరు చేసిన ఏజెంటు తన సేవకు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదని నిబంధన ఉన్నదే అన్నాను. "రూలు మీకు తెలుసు సారూ, ఏజెంటుకు తెలియదు" అని నవ్వి పెబ్బేరులో దిగిపోయాడు.

వనపర్తిలో మా అబ్బాయి నా కోసం పాలిటెక్నిక్ ముందు నిలబడి ఉన్నాడు. సంస్థానాధీశుల బంగళాలో 1959లో మొదలైన చదువుల బడి అది. వాడూ అక్కడే చదివాడు. ఆ వంశంలోని రాజా రామేశ్వరరావుగారు ఆఫ్రికాలో మన దేశపు దౌత్యాధికారిగా పనిచేసి, తరువాత లోక్‌సభ సభ్యులయ్యారు. దౌత్యవేత్తల పాస్‌పోర్టు తీరే వేరు. మా అబ్బాయిది మామూలు పాస్‌పోర్టు. కాని వాడి జేబులో బంగారు రంగు కార్డొకటి ఉంది.

"ఇది చూపిస్తే వరుసలో ముందు నిలబెడతారు పెద్దనాయనా. ఒక పెట్టె ఎక్కువ తీసుకుపోవచ్చు. విమానం వచ్చేదాకా మెత్తటి కుర్చీలో కూచోబెట్టి టిఫిను పెడతారు" అన్నాడు.

"ఎందుకురా నీకింత మర్యాద?"

"ఎక్కువ తిరుగుతాను గనుక. కంపెనీ పనిమీద ఏటా ఏడెనిమిదిసార్లు పంపిస్తారు. తిరిగినందుకు మైళ్లు జమ అవుతాయి. అవి పోగయితే టికెట్టు వస్తుంది."

1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు ఇటువంటి పథకం పెట్టాక ఈ ఆచారం లోకమంతా పాకింది. మొదట్లో ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు జమ కట్టేవారు. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ కంపెనీలు ఆ లెక్క మార్చాయి. ఇప్పుడు దూరం కాదు, టికెట్టుకు పెట్టిన డబ్బే కొలత. చవక టికెట్టు కొన్నవాడు ఎంత దూరం పోయినా వచ్చేది కాసిని. కంపెనీ సొమ్ముతో ఖరీదైన సీటులో కూచున్నవాడికి బోలెడు.

"అంటే నువ్వు డబ్బు పెట్టలేదు, నీకు బహుమానం!" అన్నాను.

వాడు సిగ్గుపడ్డాడు. "నిజమే పెద్దనాయనా. అందుకే అత్తకు ఇస్తానంటున్నాను. రానూపోనూ టికెట్టుకు సరిపోయే మైళ్లున్నాయి. పన్నులు కొంత చేతినుంచి కట్టాలి, అవి నేను చూసుకుంటాను. వీసా రుసుముకు మాత్రం మైళ్లు చెల్లవు."

నా కాగితం తీశాను. పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు, 60 దాటినవారికి అందులో పదో వంతు తగ్గింపు. ఇది మన ప్రభుత్వానిది, భరించదగినది. అమెరికా చూడబోయేవారి వీసా దరఖాస్తుకు 2023 జూన్ నుంచి 185 డాలర్లు; మన లెక్కలో 15 వేలు దాటుతుంది. వీసా మంజూరైనవారి నుంచి మరో 250 డాలర్లు వసూలు చేయాలని 2025 జూలై 4న అక్కడ చట్టం చేశారు. ఐరోపా షెంగెన్ వీసాకు 2024 జూన్ నుంచి 90 యూరోలు. డాలర్లు సంపాదించేవాడికీ, పల్లీలు పండించేవాడికీ రుసుము ఒకటే. సమానత్వమంటే ఇదే కాబోలు!

గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కేసరి సముద్రం చెరువు మీదినుంచి చల్లగాలి వస్తున్నది. చెల్లెలు జొన్నరొట్టె, పుంటికూర వడ్డించింది. తిన్నాక మెల్లగా మైళ్ల సంగతి ఎత్తాను. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు.

"ఎక్కువ తిరిగినోళ్లకు టికెట్టు పుణ్యానికిస్తరా అన్నా?"

"ఇస్తారట."

"మరి ఆయన తిరిగిన మైళ్లకు ఎవరన్న ఒక్క టికెట్టిచ్చిండ్రా?"

నా నోట మాట రాలేదు. మా బావ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ఇరవై ఏళ్లు దేశం తిరిగినవాడు. పాలమూరు కూలీ చేయి పడని ఆనకట్ట ఈ దేశంలో అరుదు. ఆయన కాలువలు తవ్వాడు, కట్టలు పోశాడు, ముంబయిలో మేడలకు సిమెంటు మోశాడు. లారీలలో, రిజర్వేషను లేని రైలు పెట్టెలలో తిరిగాడు. ఆయన మైళ్లు ఏ పుస్తకంలోనూ జమ కాలేదు. వచ్చిన కూలితోనే కూతురు చదివింది. ఆయన మాత్రం అయిదేళ్ల కిందట పోయాడు.

"ఫీజు నేను కడతాను తల్లీ, మళ్లీ ఒకసారి పెట్టు" అన్నాను చివరికి.

ఆమె చీర మూట విప్పి అంచు తడిమి చూసింది. లేచి వెళ్లి రేకు పెట్టెలోనుంచి సంఘం పొదుపు పుస్తకం తెచ్చింది.

"టికెట్టు వాడిది, చీర నీది. ఫీజన్న నాది కానీ. పోతే నా పైసలే పోతయి. నా బిడ్డ పురుడుకు నేను ఒకరి పైసలతోని పోను."

"మళ్లీ కాదంటే?"

"బర్రెలున్నయి, చెరువు కింద ఎకరం ఉంది, సంఘంల బాకీ ఉంది. ఇన్ని ఈడ పెట్టుకొని రాకుండ ఎట్లుంట సారూ అని అడుగుత. పోయినసారి భయపడి చెప్పలే."

ఆ జవాబును నా లెక్కల కాగితం వెనుక రాసుకున్నాను. ఏ లెక్కకన్నా అదే గట్టిగా ఉందనిపించింది.

సాయంత్రం నన్ను సాగనంపడానికి బస్టాండుకు వచ్చింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కండక్టరు ఇచ్చే సున్నా టికెట్లు ఆమె కొంగున రెండు మూడు మూటగట్టి ఉన్నాయి. వాటిని చూపిస్తూ నవ్వింది.

"హైదరాబాదు దాక జీరో టికెట్టు. ఆడికెళ్లి వాని మైళ్లు. నడుమ ఆ కిటికీకేనన్నా పైసలు!"

బస్సు కదిలింది. ఇంటర్వ్యూ వచ్చే నెలలో. ఈసారి కిటికీ అవతల ఎవరు కూచున్నా, ఆమె మాట కాస్త నిదానంగా వింటే చాలు.