పేరు చెప్పి వార్త చదివిన గొంతు

ఏడిద గోపాలరావు గారు 2020 నవంబరులో కన్నుమూశారు. ఢిల్లీ ఆకాశవాణి నుండి దాదాపు మూడు దశాబ్దాలు తెలుగు వార్తలు చదివిన ఆయన పేరు నార్సింగిలోని మా మదర్సా పిల్లలలో ఒక్కరికీ తెలియదు. వారి తాతలకు ముఖం తెలియకపోయినా గొంతు తెలుసు. 'శంకరాభరణం' నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారు ఆయన సోదరులే. మాస్కో రేడియోలోనూ పనిచేశారు. రంగస్థలంపై గాంధీ మహాత్ముని పాత్ర ధరించి పేరు పొందారు. మేము ఎరిగినది మాత్రం ఆ గొంతునే.

మా చదువంతా ఉర్దూ, అరబీ భాషలలో సాగింది. ఫజ్ర్ నమాజు, ఖుర్ఆన్ పారాయణం ముగిసిన పిదప వంటశాలలో ట్రాన్సిస్టరు మ్రోగేది. పాట మొదలైతే ఉస్తాదు గారు కట్టించేవారు. వార్తలకు మాత్రం అడ్డు చెప్పేవారు కారు. తజ్వీద్ పాఠంలో ప్రతి అక్షరాన్నీ దాని మఖ్రజ్ నుండే పలకాలని దెబ్బలు తిని నేర్చిన మాకు, తెలుగుకూ అటువంటి శ్రద్ధ ఉంటుందని ఆ వార్తల వలన తెలిసింది. ళకారం, ణకారం మా ఉర్దూ నాలుకకు లొంగేవి కావు. ఆయన పలికినట్లు పలకాలని బావి గట్టున కూర్చొని సాధన చేసేవారము. నేడు నికాహ్ సభలలో తెలుగున నాలుగు మాటలు చెప్పగలుగుతున్నామంటే అందులో ఆయన పాలు ఉంది.

అంతకంటె మా మనసున నిలిచినది మరొకటి. వార్తకు ముందు ఆయన తన పేరు చెప్పేవారు. హదీసు విద్యార్థికి ఇది క్రొత్త కాదు. ఎవరు ఎవరి నుండి విన్నారో చెప్పే సనదు లేనిదే మా గురువులు మాటను స్వీకరించేవారు కారు. రేడియో ప్రభుత్వానిదే, ఎమర్జెన్సీలో ప్రభుత్వం చెప్పమన్నదే చెప్పింది. చదివేవారు వార్తను వ్రాయరు కూడా. అయినా చెప్పినది ఎవరో తెలిసేది, నిలదీయడానికి ఒక చిరునామా ఉండేది.

దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించి తెలుసుకోమని హుజురాత్ సూరా ఆదేశం. తెచ్చినవాడెవడో తెలియని వార్తను ఏమి చేయాలి? 2018 మే నెలలో పిల్లలనెత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని పేరులేని గొంతులు వాట్సాప్‌లో ఊరూరా పాకాయి. చాంద్రాయణగుట్టలో గుంపు చేతిలో ఒక హిజ్రా ప్రాణం పోయింది. ఆ గుంపులో మన బిడ్డలు లేరని మన బస్తీలు చెప్పగలవా?

మొన్న ఒక బాలుడు అటువంటిదే మరొక ఆడియో వినిపించాడు. ఎవరు చెప్పారని అడిగితే "గ్రూపులో వచ్చింది హజ్రత్" అన్నాడు. అప్పటినుండి ప్రతి గురువారం అస్ర్ తరువాత పిల్లలచేత దినపత్రిక చదివిస్తున్నాము. ముందు తన పేరు, పిదప పత్రిక పేరు, తేదీ, ఆ తరువాతనే వార్త. వీరిలో కోకాపేట మేడలు కట్టే మేస్త్రీల పిల్లలు కూడా ఉన్నారు. పేర్లు గట్టిగానే చెబుతున్నారు. ళకారం ఇంకా కుదరలేదు.