చివరనున్న మూడక్షరాలు

ఇంట్లో ఏదైనా పగిలితే 'ఎలా పగిలింది?' అని అడగడానికి ముందే 'ఎవరు పగలగొట్టారు?' అని అడగడం మనలో చాలామందికి అలవాటు. ఆ అలవాటు మాలో ఎంత లోతుగా పాతుకుపోయిందో ఒక వెబ్‌సైటు చెడిపోయినప్పుడు గాని మాకు తెలిసిరాలేదు.

మేమిద్దరం, ఆలుమగలం, ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన పిదప కడపలో మా ఇంటి ముందుగదిలో ఒక చిన్న గ్రంథాలయం నడుపుతున్నాము. బంధుమిత్రుల నుండి కూడగట్టిన కొద్దిపాటి సొమ్ముతో, పదవ తరగతి దాటిన పేదపిల్లలకు ఇంటర్మీడియట్ రుసుము కట్టడం కూడా దాని పనుల్లో ఒకటి. అర్జీల కోసం పిల్లలు ఎండలో తిరగకూడదని మా మేనల్లుడు కొన్నేళ్ల క్రితం వర్డ్‌ప్రెస్‌తో ఒక వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చాడు. ఆ తరువాత ఉద్యోగరీత్యా బెంగళూరు వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఒక ఇంటి విషయమై అతనికీ మాకూ మాటపట్టింపు వచ్చింది. అది పెద్దదేమీ కాదు. అయినా మా మనసులో ఒక ముల్లు మిగిలింది.

2023 జూన్ 18, ఆదివారం, అర్జీలకు ఆఖరు రోజు. దానికి రెండు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం, కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొస్తున్న ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. "ఇది తెరుచుకోవడం లేదమ్మా. మా పాప అర్జీ పోయినట్టేనా?" అంటూ ఫోను చూపింది. ఈ వెబ్‌సైటులో తీవ్రమైన లోపం ఏర్పడిందన్న ఒక్క వాక్యం తప్ప తెరమీద మరేమీ లేదు. ఆ పాప అర్జీని కాగితం మీద రాసి తీసుకున్నాము. కాని చుట్టుపక్కల మండలాల పిల్లలకు ఈ మాట ఎలా చేరవేయగలము? అప్పటికి వచ్చిన అర్జీలన్నీ కూడా ఆ వెబ్‌సైటులోనే ఉన్నాయి.

మా ఆలోచన వెంటనే మేనల్లుడి వైపు మళ్లింది. గురువారం సాయంత్రం అయిదు దాటాక అతను ఫోను చేసి, "మామూ, ఇప్పుడే లోపలికి వెళ్లి నిరుటి జాబితా తీసేశాను" అన్నాడు. శుక్రవారానికి వెబ్‌సైటు లేదు. ఇక ఆలోచించవలసినది ఏముంది? అతను ఫోను ఎత్తకపోవడంతో వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపాము. "బేటా, మనసులో ఏదైనా ఉంటే మా మీద చూపవలసింది, పిల్లల చదువుల మీద కాదు" అన్నాము. జవాబు రాలేదు. ఆ మౌనాన్ని కూడా మేము నేరాంగీకారంగానే లెక్కవేశాము.

రాత్రి తొమ్మిదింటికి, వెబ్‌సైటుకు సర్వర్‌లో చోటు అద్దెకిచ్చిన సంస్థకు ఫోను చేశాము. మా గోడంతా విన్న యువకుడు ఒకే ప్రశ్న వేశాడు: "ఎర్రర్ లాగ్ చూశారా?" చూడలేదు. అలాంటిదొకటి ఉన్నదనే మాకు తెలియదు.

ముప్పై ఏళ్లు హాజరుపట్టీ రాసిన వాళ్లం కాబట్టి అతను వివరించగానే అర్థమైంది. వెబ్‌సైటును నడిపే ప్రోగ్రాము ఎక్కడ తడబడినా ఆ సంగతిని తేదీ, సమయంతో సహా ఒక ఫైలులో రాసుకుంటుంది. అదే ఎర్రర్ లాగ్. వచ్చిపోయేవారికి అసలు కారణం చూపించదు. లోపలి ఫైళ్ల దారులు బయటపడితే దురుద్దేశం గలవారికి అది తాళంచెవి ఇచ్చినట్టవుతుంది. అందుకే బయట మర్యాదగా ఒక వాక్యం, లోపల పూర్తి వివరం.

మా మేనల్లుడు వెబ్‌సైటు కట్టేటప్పుడే తప్పులను బయట చూపకుండా ఫైలులో మాత్రమే రాసే ఏర్పాటు చేసి ఉంచాడు. సంస్థవారి నియంత్రణ పేజీలో ఫైల్ మేనేజర్ తెరిచి, డబ్ల్యూపీ కంటెంట్ అనే ఫోల్డరులోకి వెళితే అక్కడ డీబగ్ డాట్ లాగ్ అనే ఫైలు కనిపించింది. అందులో వేలకొద్దీ పంక్తులు! కొత్తవి అడుగున చేరుతాయి కనుక చివరి నుండి పైకి చదవమని ఆ యువకుడు చెప్పాడు. ఒకే తప్పు వందల సార్లు నమోదై ఉంటుందనీ, అది మొదటిసారి ఎప్పుడు వచ్చిందో పట్టుకోవడమే ముఖ్యమనీ కూడా చెప్పాడు.

పైకి పైకి వెళ్లి ఆ మొదటి పంక్తిని పట్టుకున్నాము. 15 జూన్ 2023, 17:12:09. ఫేటల్ ఎర్రర్, అంటే పని పూర్తిగా ఆగిపోయేంతటి తప్పు. క్రియేట్ ఫంక్షన్ అనే ఆదేశం ఉనికిలోనే లేదని రాసి ఉంది. ఆ వెనుక ఫైలు పేరు: అర్జీ ఫారం కోసం మేనల్లుడు స్వయంగా రాసిన ప్లగిన్. 38వ పంక్తి.

17:12 అంటే సాయంత్రం అయిదు గంటల పన్నెండు నిమిషాలు. అతను ఫోను చేసిన సమయమే! ఫైలూ అతనిదే. సాక్ష్యం చేతికి చిక్కిందనుకున్నాము. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మాకు బాధ కలగలేదు, ఒక విధమైన తృప్తి కలిగింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేసేది దాని గురించే.

ఆ పంక్తిని అతనికి పంపాలని కాగితం మీదికి ఎత్తి రాసుకుంటుండగా, సమయం చివర మరో మూడక్షరాలు కనిపించాయి: యూటీసీ. అంతకుముందు వాటి మీదుగా మా కళ్లు జారిపోయాయి. యూటీసీ అంటే ప్రపంచమంతటికీ ప్రమాణంగా పెట్టుకున్న కాలం. మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. వర్డ్‌ప్రెస్ ఈ ఫైలులో రాసేది ఆ కాలాన్నే. 17:12కు అయిదున్నర గంటలు కలిపాము. రాత్రి 10:42.

గురువారం రాత్రి 10:42కు ఏం జరిగింది? ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆ రాత్రి భోజనాలయ్యాక అర్జీల లెక్క చూద్దామని నియంత్రణ పేజీ తెరిచినది మేమే. పీహెచ్‌పీ 7.4 పాతబడిపోయిందని, కొత్తదానికి మారమని అక్కడ పసుపురంగు హెచ్చరిక కనిపించింది. జాబితాలో 8.0 ఎంచుకుని మీట నొక్కినదీ మేమే. మంచిపని చేశామనుకుని, వెబ్‌సైటును ఒకసారి తెరిచైనా చూడకుండా పడుకున్నాము.

వర్డ్‌ప్రెస్ పనిచేసేది పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాష మీద. క్రియేట్ ఫంక్షన్ అనే ఆదేశం 7.4 వరకు పనిచేసేది. 2020 నవంబరులో వెలువడిన 8.0లో దాన్ని పూర్తిగా తొలగించారు. మేము భాషను మార్చేసరికి 38వ పంక్తి అర్థంలేని మాటగా మిగిలిపోయింది.

ఇంకా పైకి చదివితే మరో సంగతి బయటపడింది. నెలల తరబడి ప్రతిరోజూ, అదే 38వ పంక్తి గురించి, ఆ ఆదేశానికి కాలం చెల్లిందని, ఇకపై వాడవద్దని ఆ ఫైలు రాస్తూనే ఉంది. డిప్రికేటెడ్ అనే మాటతో మొదలయ్యే పంక్తులవి. పని ఆగలేదు కనుక ఎవరమూ తెరిచి చూడలేదు. అంతేకాదు, ఇటువంటి పెద్ద తప్పు జరిగినప్పుడు వర్డ్‌ప్రెస్ నిర్వాహకునికి ఈమెయిలు కూడా పంపుతుంది. మా విషయంలో అది, పాస్‌వర్డు మరచిపోయి మేమే వదిలేసిన పాత చిరునామాకు వెళ్లింది.

పీహెచ్‌పీని తిరిగి 7.4కు మార్చాము. కొద్ది నిమిషాల్లో వెబ్‌సైటు తెరుచుకుంది. అర్జీలన్నీ భద్రంగా ఉన్నాయి. వెంటనే మేనల్లుడికి ఫోను చేశాము. ఈసారి ఎత్తాడు.

"బేటా, తప్పు మాది" అన్నాము.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మీరు పంపింది విన్నాను మామూ. ఏం జవాబివ్వాలో తోచక ఊరుకున్నాను" అన్నాడు. జరిగినదంతా చెప్పాము. 17:12 చూసి సంతోషపడిన సంగతి కూడా దాచలేదు. అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "ఆ పంక్తి పాత పద్ధతిలో రాసింది నేనే, ముమానీ. హెచ్చరికలు నేనైనా చూడవలసింది. కాని 7.4లోనే ఉండిపోవడం క్షేమం కాదు. దాని భద్రతా మరమ్మతులు నిరుడు నవంబరుతోనే ఆగిపోయాయి. రేపు సరిచేస్తాను" అన్నాడు. శనివారం ఆ పంక్తిని కొత్త పద్ధతిలో రాసి, మరోచోట పరీక్షించి, ఆ తరువాతే 8.0కు మార్చాడు. ఆదివారం రాత్రి గడువు ముగిసేవరకు అర్జీలు వస్తూనే ఉన్నాయి. లాగ్ ఫైలులో కొత్త పంక్తి ఒక్కటీ చేరలేదు.

దుకాణానికో, బడికో, సేవాసంస్థకో చిన్న వెబ్‌సైటు నడిపే పాఠకులకు మా అనుభవం నుండి కొన్ని మాటలు. మీ వెబ్‌సైటు అద్దె సర్వర్ మీద ఉంటే, నియంత్రణ పేజీలో ఎర్రర్స్ అనే గుర్తు గాని, ఫైళ్ల మధ్య ఎర్రర్ లాగ్ పేరుతో ఒక ఫైలు గాని సాధారణంగా ఉంటుంది. పనులు సాగుతున్న రోజుల్లోనే అది ఎక్కడుందో తెలుసుకోండి. పంక్తిలో ముందు సమయం చూడండి, అది ఏ దేశకాలమో చూడండి. తరువాత తప్పు తీవ్రత, ఆపై ఫైలు పేరు, పంక్తి సంఖ్య. ఆ సమయానికి కాస్త ముందు ఏం మార్చారో గుర్తుచేసుకోండి. వర్డ్‌ప్రెస్ లాగ్ ఫైలు బయటివారికి కూడా తెరుచుకునే చోట ఉండవచ్చు. పని ముగిశాక దాన్ని తొలగించడం మరువకండి. నిర్వాహకుని ఈమెయిలు మీరు రోజూ చూసేదై ఉండాలి.

మేము పంపిన ఆ మాటల రికార్డును తుడిచేయమని మేనల్లుణ్ణి అడిగాము. తుడిచేశాడు. అతను విన్న మాటను మాత్రం తుడవలేము. ఆ పండుగకు అతను ఇంటికి వచ్చాడు. ఒకే పళ్లెంలో అన్నం తిన్నాము. పాత ముల్లు గురించి కూడా మొదటిసారి నోరువిప్పి మాట్లాడుకున్నాము.

ఇప్పుడు మా కంప్యూటరు పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఏదైనా ఆగిపోతే అడగవలసిన ప్రశ్నలు అందులో మూడే రాసుకున్నాము. ఎప్పుడు? ఎక్కడ? ఏమిటి? 'ఎవరు' అన్న ప్రశ్నను కావాలనే వదిలేశాము.