ఖాళీ గడిలో అంకె

"ఏరా, మీ కంప్యూటర్లో కొండ లోపల కూడా కనపడుద్దంటగా?" అని కొన్నేళ్ల కిందట నాన్న అడిగితే, కాస్త గర్వంగానే "ఆఁ, కనపడుద్ది" అన్నాను. వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూస్తున్న మార్కాపురం వైపు రైతు ఆయన. సొరంగం తవ్వితే చుట్టూ నేల ఎంత కదులుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాణ్ణి నేను.

సంగతేంటంటే, కొండలో బొక్క పెడితే అక్కడి రాయి అప్పటిదాకా మోసిన బరువు పక్క రాయి మీద పడుతుంది. గుండ్రటి బొక్క చుట్టూ ఆ బరువు ఎలా సర్దుకుంటుందో 1898లోనే కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు సూత్రం రాశాడు. కాకపోతే ఆయన రాయి అంతటా ఒకేలా ఉంటుంది. అసలు కొండ అలా ఉండదు కదా! అందుకని కంప్యూటర్లో కొండని వేల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ గట్టిదనం, అతుకు బలం, రాపిడి కోణం ఇస్తాం. సొరంగం ముక్కల్ని వరసగా తీసేస్తూ, ప్రతిసారీ మిగిలినవి ఎంత జరిగాయో లెక్క చేస్తాం. చివరికి రంగురంగుల బొమ్మ. ఎర్రగా ఉన్నచోట కప్పు దిగుతుందన్నమాట.

మరి ఆ అంకెలు ఎక్కణ్ణించి వస్తాయి? బోర్లు వేసి, రాతి కడ్డీలు తీసి, ల్యాబులో నలగ్గొడితే వస్తాయి. వెలిగొండ జంట సొరంగాలు ఒక్కోటీ దాదాపు 18.8 కి.మీ. మొదటిది 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో తవ్వడం పూర్తయింది. పైనంతా నల్లమల, పులుల అడవి. కావాల్సిన చోటల్లా రిగ్గు దింపుతానంటే కుదరదు. కాబట్టి బోరుకీ బోరుకీ మధ్య మిగిలేది ఊహే.

ఆ ఊహ ఎంత నమ్మకమో మావైపు చిన్నపిల్లాడికీ తెలుసు. మా చేలో మొదటి బోరు వేస్తే దుమ్ము లేచింది. నలభై అడుగుల అవతల రెండోదాంట్లో నీళ్లు పడ్డాయి. మార్కాపురం పలకనే చూడండి, పొర వెంబడి ఉలి పెడితే ఇట్టే విడిపోతుంది, అడ్డంగా కొడితే ముక్కలవుతుంది. ఒకే రాయి, రెండు బలాలు. మరి మా ప్రోగ్రాంలో ఆ బలానికి ఉన్నది ఒకటే గడి.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కప్పు కూలింది. దాదాపు 14 కి.మీ. లోపల. బురదా నీళ్లూ ముంచెత్తి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. రెండు నెలలు గాలించినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. దానిమీదా అడవే, అమ్రాబాద్ పులుల అభయారణ్యం.

ఆ సొరంగానికీ మా ప్రోగ్రాంకీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే, అతుకు బలం గడి ఖాళీగా వదిలేస్తే అందులోకి ఒక మధ్యస్థం అంకె తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. దాన్ని పెట్టింది నేనే. ఎర్రర్ వస్తే కస్టమర్ విసుక్కుంటాడని! బొమ్మలో మాత్రం కొలిచిన అంకెకీ నేను పెట్టిన అంకెకీ రంగు తేడా ఉండదు.

తర్వాతి వారమే దాన్ని తీసేశాను. ఇప్పుడు గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం ముందుకి కదలదు. కొలిచిన విలువ లేకపోతే తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ రెండూ అడిగి, రెండు బొమ్మలూ పక్కపక్కనే చూపిస్తుంది. తవ్వేటప్పుడు గోడలకి మేకులు పెట్టి కొలిచిన కదలికతో లెక్క మళ్లీ చెయ్యమని గుర్తు కూడా చేస్తుంది. కొలుస్తూ డిజైన్ మార్చుకోవాలని పెక్ 1969లోనే చెప్పాడు, మనం కొత్తగా కనిపెట్టిందేం లేదు. "ఇదివరకు హాయిగా నడిచేది" అని కస్టమర్లు సణుగుతున్నారు. సణగనీ.

మొన్న ఊరెళ్లినప్పుడు నాన్నతో అన్నాను, "కొండ లోపల కనపడదు నాన్నా. మేం అనుకున్నదే బొమ్మ గీసి చూపిస్తుంది."

"మరి ఆ ముక్క బొమ్మ మీదే రాయొచ్చుగా?" అన్నాడు.

నిజమే. వచ్చే వెర్షన్లో రాస్తున్నాను.