సుహైల్ పొడిచాక

ఆగస్టు చివర్లో తెల్లవారుజామున దక్షిణాన సుహైల్ నక్షత్రం, అదే మన అగస్త్యుడు, కనిపిస్తే ఎండల జోరు తగ్గినట్టేనని ఇక్కడ సౌదీవాళ్ళ లెక్క. హుఫూఫ్‌లో పగలు ఇంకా మంటే. కానీ మా పెరట్లో మొక్కలకు ఆ కబురు అందినట్టుంది!

గోంగూర, బెండ వేసవంతా నిలబడ్డాయి. ఎంత గట్టి ప్రాణాలో! టమాటాకే కష్టం. 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ పోతుంది, పూత రాలిపోతుంది, ఏ ఎరువూ ఆదుకోదు. ఎండిన కొమ్మలు కత్తిరించి, ఖర్జూరపు మట్టల నీడలో వదిలేశాను. ఈ వారం కణుపు కణుపునా చిగుళ్ళు. ఎంత సంతోషమో చెప్పలేను.

ఆ నీడ పద్ధతి ఈ ఊరిదే. 25 లక్షల ఖర్జూర చెట్ల అల్ అహ్సా ఒయాసిస్ ఇది, 2018లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. తోటల్లో పైన ఖర్జూరం, దాని కింద పండ్ల చెట్లు, నేలన కూరగాయలు.

దమ్మాం, జుబైల్, రియాద్‌లలో ఉన్న మనవాళ్ళూ, టమాటా, వంగ, మిరప నారు ఇప్పుడే నీడపట్టున పోసుకోండి, చల్లబడగానే నాటొచ్చు. గోంగూర విత్తనాలు కావాలంటే అడగండి, నా దగ్గరున్నాయి.