కాగితపు పువ్వు - ప్రతినిధి న్యాయం

శ్రీమద్భగవద్గీత పదవ అధ్యాయమైన విభూతియోగంలో భగవానుడు ఋతువులలో తాను వసంతుడనని చెబుతూ, ఆ ఋతువును ‘కుసుమాకరం’ అనే పదంతో నిర్దేశించాడు. ఆకరం అంటే గని. పువ్వులకు గనియైన కాలం అని భావం. కావ్యాలలో వసంతవర్ణన చదివిన వారికి ఈ పేరు సహజంగా తోస్తుంది. కానీ సిద్దిపేట ప్రాంతపు మెట్టభూములలో పుట్టి పెరిగిన వారికి చైత్రమాసం వేరొక రూపంలో దర్శనమిచ్చేది. చెరువు అడుగు నెర్రెలు బారి ఉండేది. బోరుబావులలో నీరు పాతాళానికి దిగేది. గట్ల మీద ఆకులన్నీ రాల్చుకున్న మోదుగచెట్లు మాత్రం నిప్పులు చెరిగినట్లు పూసేవి. వేపచెట్టు ఉగాది పచ్చడికి సరిపడినంత పూత నిచ్చేది. దేవుని కళ్యాణపందిరికి మాలలు కట్టేటన్ని పువ్వులు మాత్రం ఊరిలో ఉండేవి కావు.

చిన్నకోడూరు ప్రాంతంలో ఒక వృద్ధమాత ఉన్నది. బీడీలు చుట్టి సంసారాన్ని ఈదిన తల్లి. ఒడిలో చాట పెట్టుకొని, నానబెట్టిన తునికాకును రేకు అచ్చు ప్రకారం కత్తెరతో కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టడం ఆమె నిత్యకృత్యం. వెయ్యి బీడీల లెక్కన కూలి. ఏ రోజు చేయి ఆగితే ఆ రోజు కూలి ఆగుతుంది. అటువంటి తల్లి చైత్రశుద్ధ పాడ్యమి నాడు స్నానం చేసి, బీడీల చాటను అటక మీద పెట్టి, శ్రీరామనవమి వరకు దానిని ముట్టేది కాదు. వసంతనవరాత్రులైన ఆ తొమ్మిది దినాలు ఆమె కత్తెర కాగితాన్ని మాత్రమే కోసేది. సీతారామకళ్యాణపు పందిరికి పువ్వులు చేసేది.

ఆ పువ్వుల తయారీని కొంత వివరంగా చెప్పుకోవాలి. కేవలం కాగితమే వాటికి ఉపాదానం కాదు. ఫాల్గుణంలో ఏరి ఎండబెట్టిన మోదుగపువ్వులను నీటిలో మరిగిస్తే కాషాయం కలిసిన పసుపువన్నె దిగుతుంది. హోలీకి పిల్లలు చల్లుకునే రంగు అదే. అందులో తెల్లకాగితాన్ని ముంచి నీడన ఆరబెట్టేది. ఎరుపు కావాలంటే పసుపునీటిలో సున్నం కలిపేది. జొన్నదంటు చీల్చి, లోపలి తెల్లని బెండును సన్నగా చెక్కితే మల్లెమొగ్గలు అయ్యేవి. చీపురుపుల్లలు కాడలు. పాత రవిక గుడ్డలో నల్లని మెత్తని ముక్క మోదుగపువ్వు తొడిమ. రేకును కత్తెర అంచు మీదుగా మెల్లగా లాగితే వంపు తిరుగుతుంది. మోదుగపువ్వు అడుగురేకు చిలుకముక్కు వలె వంగవలెనంటే ఆ లాగడంలో నేర్పు ఉండాలి. సంస్కృతంలో ఈ పువ్వుకు ‘కింశుకం’ అని పేరు. ‘ఇది చిలుకయా ఏమి?’ అనే సందేహమే ఆ పేరుగా నిలిచినదని పెద్దలు చెబుతారు.

అంటించడానికి ఆమె వాడినది చింతగింజల జిగురు. గింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే వచ్చే ఈ జిగురు ఈ జిల్లాకు కొత్తది కాదు. ఇదే జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు పటం వ్రాసే ముందు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల గుజ్జు కలిపి పూత పూస్తారు. రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముఖాకృతులు, బొమ్మలు చేస్తారు. ఆ పటాలను విప్పి చూపుతూ కూనపులివారు మార్కండేయపురాణం, కాకిపడిగెలవారు పాండవులకథ గానం చేసిన సంప్రదాయం ప్రసిద్ధం. ఆ వృద్ధమాతకు పటం వ్రాయడం రాదు. జిగురు కాచడం మాత్రం వచ్చు.

2020 ఏప్రిల్‌లో చిన్నకోడూరు మండలం చంద్లాపూర్ వద్ద రంగనాయకసాగర్ జలాశయంలోకి గోదావరి జలాలు వచ్చినవి. మూడు టీఎంసీల జలాశయం అది. నీరు వచ్చిన చోట వరితో పాటు పువ్వు కూడా వస్తుంది. కొన్ని సంవత్సరాలకు కళ్యాణోత్సవం సమీపించినప్పుడు పెద్దలు ఒక నిర్ణయం చేశారు. ఇకమీదట పందిరికి, మూర్తుల వెనుక ప్రభకు అన్నిటికీ బంతి, చామంతి మాలలే కట్టాలి, కాగితపు మాలలు అవసరం లేదు అని. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఎవరూ ఆమెను చిన్నబుచ్చలేదు. కానీ ఆ సాయంత్రం ఆమె డిగ్రీ చదువుతున్న మనుమరాలిని అడిగిన మాట ఆలోచింపదగినది.

“బిడ్డా, ఇన్నేండ్లు నేను దేవునికి పెట్టింది ఉత్త కాగితమేనా?”

“గట్లెందుకంటవ్ నానమ్మా? అందరు మంచిగున్నయనే అన్నరు గద.”

“మంచిగుంటే మంచిగుండనీ. అబద్ధమా, నిజమా? గది చెప్పు.”

మనుమరాలు ఓదార్పు చెప్పింది. తల్లి అడిగినది ఓదార్పు కాదు, సత్యనిర్ణయం. అందుచేత ఆ ప్రశ్నను శాస్త్రదృష్టితోనే పరిశీలించాలి.

మొదట ‘అబద్ధమా?’ అనే అంశం. వేదాంతులు మిథ్యకు చెప్పే ప్రసిద్ధ దృష్టాంతం రజ్జుసర్పం. మసకచీకటిలో త్రాడు పామై కనిపిస్తుంది. దీపం తెచ్చి చూస్తే పాము ఉండదు. జ్ఞానం కలిగిన మరుక్షణం ఆ రూపం నశిస్తుంది. ఇక ఖపుష్పం, అనగా ఆకాశంలో పూచిన పువ్వు, ఏ కాలంలోనూ ఎవరికీ కనబడదు. అది కేవలం శబ్దమాత్రం. కాగితపు పువ్వు ఈ రెండు కోవలకూ చెందదు. ఇది కాగితమని చేసిన వారికి తెలుసు, చూచిన వారికి తెలుసు. తెలిసిన తరువాత కూడా పువ్వు పువ్వుగానే కనబడుతుంది, సంతోషమూ కలుగుతుంది. మోసపోయిన వాడు ఎవడూ లేనప్పుడు అబద్ధానికి ఆశ్రయం ఎక్కడ? ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టిని ఎరిగితే మట్టిపాత్రలన్నీ ఎరిగినట్లే అని బోధించాడు. కుండను కుండగా వాడుకుంటూనే మట్టిగా ఎరగడం జ్ఞాని లక్షణం. కాగితాన్ని కాగితంగా ఎరిగి పువ్వుగా అలంకరించడం కూడా ఆ జాతి వ్యవహారమే. కనుక ఆమె చేసినది అబద్ధం కాదు.

అయితే అది పూజాపుష్పమా? ఇక్కడ శాస్త్రం ఎవరి మనస్సు నొచ్చుకుంటుందని మాట మార్చదు. జైమినిమహర్షి పూర్వమీమాంసాసూత్రాలలో ఆరవ అధ్యాయంలో ప్రతినిధిని గురించి విచారించాడు. విహితద్రవ్యం దొరకనప్పుడు కర్మ మానరాదు, దానికి సదృశమైన ద్రవ్యాన్ని గ్రహించాలి. వ్రీహిధాన్యం లేకపోతే నీవారధాన్యం, సోమలత లభించకపోతే పూతీకం. సాదృశ్యం ఉన్నా నిషిద్ధమైన ద్రవ్యం ప్రతినిధి కాజాలదు. ముఖ్యద్రవ్యం లభిస్తే ముఖ్యాన్నే గ్రహించాలి, ప్రతినిధి ప్రక్కకు తప్పుకోవాలి. ఎందుకంటే ముఖ్యం లేకపోవడమే ప్రతినిధికి ఉన్న ఏకైక అధికారం.

ఈ న్యాయాన్ని అన్వయిస్తే పెద్దల నిర్ణయం శాస్త్రసమ్మతమే. నీరు వచ్చింది, పువ్వు వచ్చింది, ముఖ్యం లభించింది. నిజానికి పువ్వులు లేని రోజులలో కూడా అర్చనకు కాగితపు పువ్వు వాడలేదు. ‘పుష్పార్థం అక్షతాన్ సమర్పయామి’ అని అక్షతలే సమర్పించడం మన ఆచారం. తులసిదళం, బిల్వదళం, జలం, ఏదీ లేనప్పుడు మానసికపుష్పం, ఇవి క్రమం. కాగితపు మాల స్థానం మండపాలంకారంలో మాత్రమే. పరిమళం లేకపోవడం అందుకు కారణం కాదు. కింశుకానికి కూడా పరిమళం లేదు. అయినా ఆ పలాశవృక్షపు కొయ్యతోనే హోమానికి జుహువు చేస్తారు, దాని సమిధలనూ హోమంలో వాడతారు. అసలు కారణం వేరు.

యాగస్వరూపాన్ని మీమాంసకులు మూడు అంగాలతో చెబుతారు: ద్రవ్యం, దేవత, త్యాగం. దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని విడిచిపెట్టి ‘న మమ’, ఇది నాది కాదు, అనడమే యాగం. పువ్వు ఈ త్యాగానికి మిక్కిలి అనుకూలమైన ద్రవ్యం. సమర్పించిన పువ్వు మరునాటికి వాడి నిర్మాల్యమవుతుంది. దానిని మళ్ళీ నాదని దాచుకోవడానికి అవకాశం లేదు. మనిషి విడిచినా విడవకపోయినా పువ్వు తానే విడిచిపోతుంది. కాగితపు పువ్వు వాడదు. దాని లోపం ఏదైనా ఉంటే అదే. వాడని దానిని పెట్టెలో పెట్టుకోవచ్చు, వచ్చే ఏటికి తీయవచ్చు, ‘నా పువ్వులు’ అని చూపవచ్చు. పువ్వు తానుగా చేసే త్యాగాన్ని ఇక్కడ మనిషే చేయవలసి వస్తుంది.

ఆ తల్లి చేసిన పని చూడండి. ప్రతి సంవత్సరం ఉత్సవం ముగిసిన తరువాత ఆమె ఆ మాలలను విప్పేది. పుల్లలు, దారాలు వేరు చేసి, కాగితాన్ని గోలెంలో నానబోసేది. మూడు నాలుగు దినాలకు రంగులన్నీ ఒకటై, రేకులన్నీ కరిగి, గుజ్జు మిగిలేది. అందులో నానబెట్టిన మెంతులు రుబ్బి కలిపి వెదురుచాటకు పూసేది. మెంతుల చేదుకు పురుగు చేరదు, గుజ్జు ఆరితే చాట సందులు మూసుకుంటాయి. పల్లెలలో ఇల్లాళ్ళు పాతకాగితంతో చేసే పనే ఇది. కానీ ఈ చాటను బీడీలకు వాడేది కాదు. వచ్చే ఏడు తలంబ్రాల బియ్యం చెరగడానికి మాత్రమే తీసేది. మోదుగ, మల్లె అనే నామరూపాలు పోయినవి, పత్రం మిగిలినది. ఆ పత్రం మీదనే తలంబ్రాలు చెరిగినది. సంస్కృతంలో ‘పత్రం’ అంటే ఆకు. తాళపత్రం నుండి క్రమంగా వ్రాసే కాగితానికీ తెలుగులో అదే పేరు వచ్చింది. బ్రతుకుతెరువుకు తునికాకు కోసిన చేయి, ఆ తొమ్మిది దినాలు కాగితపు ఆకు కోసింది. పత్రమే పుష్పమైనది, మళ్ళీ పత్రమైనది.

ఇక జైమిని చెప్పిన మరొక మాట మిగిలి ఉన్నది. ద్రవ్యానికి ప్రతినిధి ఉన్నది కాని దేవతకు, అగ్నికి, మంత్రానికి లేదు. యజమానికి కూడా సామాన్యంగా ప్రతినిధి లేదు. ఫలం ఎవరిదో త్యాగం వారిదే కావాలి. నీవారం వ్రీహి స్థానంలో నిలబడవచ్చు గాని, ఇచ్చేవాని స్థానంలో మరొకడు నిలబడి ‘న మమ’ అనడానికి వీలులేదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. ఆమె దేవునికి పెట్టినది కాగితం కాదు. పాడ్యమి నుండి నవమి వరకు బీడీల చాటను అటకెక్కించినప్పుడు ఆమె విడిచినది తొమ్మిది దినాల కూలి. కూలితో గడిచే ఇంటికి అది ఎంతటి ద్రవ్యమో వేరే చెప్పనక్కరలేదు. కాగితం ఆ త్యాగానికి కనిపించే రూపం మాత్రమే. బండెడు బంతిపువ్వులు వచ్చి కాగితపు మాలల స్థానాన్ని గ్రహించగలవు, న్యాయంగా గ్రహించాలి కూడా. ఆ తొమ్మిది దినాల స్థానాన్ని మాత్రం ఏ పువ్వూ గ్రహించజాలదు. పూలు కొని తెచ్చినవారు తాము ఏమి విడిచారో తమను తాము ప్రశ్నించుకోవలసి ఉంటుంది. ముఖ్యద్రవ్యం చేతిలో ఉండి త్యాగం లేకపోతే ఆ కర్మలో ద్రవ్యం ఉన్నట్లే గాని యాగం ఉన్నట్లు కాదు.

పెద్దల నిర్ణయం జరిగిన ఆ సంవత్సరం కూడా పాడ్యమి నాడు ఆమె చాటను అటక మీదనే పెట్టింది. మాలలు అక్కరలేదని తెలిసి కూడా కూలికి కూర్చోలేదు. మనుమరాలు ప్రక్కన కూర్చోగా కొత్తచాటకు గుజ్జు పూసి, తలంబ్రాల బియ్యం చెరిగి, పసుపు కలిపింది. కళ్యాణం నాడు పందిరికి బంతిమాలలే కట్టారు. మరునాటికి అవి వాడినవి.

మన ఇళ్ళలో పిల్లలు రంగుకాగితాలతో పువ్వులు చేసి పూజామందిరానికి కడుతుంటారు. వారిని వారించనక్కరలేదు. మూర్తి శిరస్సు మీద మాత్రం ఉంచక, ద్వారానికి, మండపానికి కట్టించండి. అర్చనకు ఒక తులసిదళమైనా సజీవమైనది తెప్పించండి. పండుగ ముగిసిన తరువాత ఆ పువ్వులను వారి చేతనే విప్పించి, నీటిలో నానబోయించండి. చేసినంత శ్రద్ధతోనే విడవడం అప్పుడు అలవడుతుంది. వాడని పువ్వు మనకు నేర్పవలసిన పాఠం అంతమాత్రమే.

సర్వం శ్రీసీతారామచంద్రార్పణమస్తు. స్వస్తి.