మోకాలు చెప్పించిన లెక్క

మన గూడేల్లో బతుకంతా నేల మీదే. పొయ్యి ముందు గొంతుక్కూర్చోవాలి, కింద తినాలి, కిందే పడుకోవాలి. మోకాలి లిగమెంటు దెబ్బతిన్నాక డాక్టరు ‘కింద కూర్చోవద్దమ్మా’ అన్నారు.

ఇంటినే పైకి లేపుకున్నాం. పొయ్యి అరుగెక్కింది. మరుగుదొడ్డిలోకి మధ్యలో కోసిన ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. చేతికర్ర మంచికాలి వైపు పట్టాలని, మెట్లెక్కేటప్పుడు మంచికాలు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు వేయాలని నేర్చుకున్నాను.

నొప్పి తగ్గగానే మనవాళ్లు చేనుకు పోతారు. తొడ కండ బలపడందే మోకాలు నిలవదు. రోజూ మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, నొక్కి, ఐదు లెక్కపెట్టి వదిలేదాన్ని. తరగతిలో నోరు విప్పని పక్కింటి పాప ‘ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్’ అని గోండిలో గట్టిగా లెక్కపెట్టేది.

బడికి తిరిగి వెళ్లాక అంకెల పాఠం ఆ ఐదింటితోనే మొదలుపెట్టాను.